ఏ రొమాన్స్ నవల ఎవరికి? ముందు ఆ ఇద్దర్నీ ఆపుతున్నదేంటో చూడండి

రొమాన్స్ నవలలు మొదలెడదామనుకుంటున్నా, ఏది చదవమంటారు అని ఎవరైనా అడిగితే నేను వెంటనే పుస్తకం పేరు చెప్పను. ముందు ఒక ప్రశ్న వేస్తా, చివర్లో వాళ్లిద్దరూ కలిసి తీరాలా, కలవకపోయినా మీకు ఫర్వాలేదా అని. ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు గానీ సగం ఎంపిక అక్కడే అయిపోతుంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో రొమాన్స్ అని కొడితే వచ్చే పుస్తకాల్లో రెండు వేరే వేరే రకాలు కలిసిపోయి ఉంటాయి, ఒకటి కావాలని వెళ్లి రెండోది చేతికొస్తే ఆ పుస్తకం ఎంత బాగున్నా సరే కోపమే మిగుల్తుంది.

అమెరికాలో రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అని 1980లో పెట్టిన రచయితల సంఘం ఒకటుంది. రొమాన్స్ నవల అనాలంటే వాళ్ల లెక్కలో రెండు విషయాలుండాలి: కథ మొత్తానికి ప్రేమే కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేలా, ఆశ కలిగించేలా ఉండాలి. అంతే. పెళ్లి జరగాలని గానీ పిల్లలు పుట్టాలని గానీ ఎక్కడా లేదు. ముగింపు ముందే తెలిసిపోతే ఇంక చదవడం ఎందుకు అనే వాళ్లకి నేను చెప్పేదేంటంటే, డిటెక్టివ్ నవలలో హంతకుడు దొరుకుతాడని కూడా మనకి ముందే తెలుసు కదా, ఎలా దొరుకుతాడనే కదా చదువుతాం. ఇక్కడా అంతే, కలుస్తారని తెలిసి కూడా "వీళ్లెలా కలుస్తార్రా బాబూ" అని మనకి అనుమానం పుట్టించగలిగితేనే అది మంచి రొమాన్స్.

రెండో రకం ప్రేమకథలు, వాటికి ఆ గ్యారంటీ లేదు. జోజో మోయెస్ 2012లో రాసిన 'మీ బిఫోర్ యూ' అందుకు సరైన ఉదాహరణ. ప్రమాదంలో కాళ్లూ చేతులూ పడిపోయిన విల్, అతన్ని చూసుకునే ఉద్యోగానికి వచ్చిన లూ, వాళ్ల మాటలు చదువుతుంటే మొదటి సగం అచ్చం రొమాన్స్ నవలలాగే సరదాగా నడుస్తుంది, కానీ ఆ పుస్తకం అడిగే ప్రశ్న వేరు, ఒక మనిషి తన బతుకు గురించి తను తీసుకున్న నిర్ణయాన్ని ప్రేమ మార్చగలదా, మార్చాలా అని. గొప్ప నవల, కానీ హాయిగా నిద్రపోదామని రాత్రి పూట పట్టుకునేది కాదు. అలాగే కాలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్' 2016లో వచ్చింది, అందరూ దాన్ని రొమాన్స్ అని ఒకరికొకరు ఇచ్చుకున్నారు, లోపలున్నదేమో ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తినే ఆడమనిషి కథ. రచయిత్రి వాళ్ల అమ్మ పడిన కష్టాల్లోంచి పుట్టిన పుస్తకమది. నా అభిప్రాయం గట్టిగానే చెప్తా, ఆ పుస్తకాన్ని "క్యూట్ లవ్ స్టోరీ" అని ఎవరికీ ఇవ్వకండి, అలాంటివి అనుభవించిన వాళ్ల చేతికి హెచ్చరిక లేకుండా అస్సలు ఇవ్వకండి. చదవదగ్గ పుస్తకమే, కానీ ఏం చదవబోతున్నామో తెలిసి చదవాలి.

సో, ఏడవడానికి సిద్ధంగా ఉంటే, పుస్తకం మూసేశాక కూడా నాలుగు రోజులు అదే ఆలోచన ఉండాలనుకుంటే రెండో రకం తీసుకోండి. ఆఫీసు, ఇల్లు, జబ్బులు, ఏదో ఒకటి నెత్తి మీదుండి కాసేపు మనసు తేలికపడాలంటే మొదటి రకం. ఇక్కడ్నుంచి నేను మొదటి రకం గురించే ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే ఎంచుకోవడం అందులోనే కష్టం, అన్నీ ఒకేలా కనపడతాయి కాబట్టి.

అన్నీ ఒకేలా కనపడటానికి కారణం ట్రోప్‌లు, అంటే పుస్తకం తర్వాత పుస్తకంలో మళ్లీ మళ్లీ వచ్చే కథ మూసలు. ఎనిమీస్ టు లవర్స్, ఫ్రెండ్స్ టు లవర్స్, ఫేక్ డేటింగ్ (ప్రేమికుల్లా నటించడం), సెకండ్ ఛాన్స్ (విడిపోయినవాళ్లు మళ్లీ కలవడం), ఒకే గది ఒకే మంచం... ఇప్పుడు పుస్తకాలన్నీ ఈ పేర్లతోనే అమ్ముతున్నారు, చదివేవాళ్లు కూడా "నాకు ఫేక్ డేటింగ్ ఉన్నవి చెప్పండి" అనే అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు, కానీ ట్రోప్ చూసి పుస్తకం బాగుంటుందో లేదో తెలీదు. నేను ఏ రొమాన్స్ నవలని అయినా తూచేది ఒక్క విషయంతో, ఈ ఇద్దరూ ఇప్పటికిప్పుడు ఎందుకు కలవలేకపోతున్నారు? వాళ్లని ఆపుతున్నది ఏంటి? అది గట్టిదైతే ఎంత పాత ట్రోప్ అయినా కొత్తగా ఉంటుంది, అది డొల్లదైతే హీరో ఎంత అందగాడైనా, డైలాగులు ఎంత పేలినా రెండొందల పేజీ దగ్గర విసుగొచ్చేస్తుంది.

డొల్ల అడ్డంకి అంటే, ఇద్దరూ ఒక్కసారి కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే తీరిపోయేది. ఆమె తలుపు చాటునుంచి సగం మాట వింటుంది, అతను ఎవరో అమ్మాయితో కనపడతాడు, ఆ అమ్మాయి తీరా చూస్తే చెల్లెలు, ఈలోపు ఈమె ఊరు వదిలి వెళ్లిపోతుంది, ఇలాంటివి. గట్టి అడ్డంకి అంటే, మాట్లాడుకున్నా తీరనిది, పైగా మాట్లాడుకునే కొద్దీ ఇంకా స్పష్టంగా కనపడేది. తీరాలంటే ఇద్దర్లో ఒకరో ఇద్దరూనో మారాలి, ఏదో ఒకటి వదులుకోవాలి.

ఒకే ట్రోప్‌లో రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. అలీ హేజల్‌వుడ్ 'ద లవ్ హైపోథెసిస్' (2021), కేథరిన్ సెంటర్ 'ద బాడీగార్డ్' (2022), రెండిట్లోనూ ఫేక్ డేటింగే. మొదటిదాంట్లో ఆలివ్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తుంటుంది, నేను వేరే ఎవర్నో చూసుకున్నాలే అని ఫ్రెండ్‌ని నమ్మించడానికి కారిడార్‌లో ఎదురొచ్చిన మనిషికి ముద్దు పెట్టేస్తుంది, ఆ మనిషేమో స్టూడెంట్లంతా వణికిపోయే ప్రొఫెసర్ ఆడమ్. మొదలు బ్రహ్మాండంగా ఉంటుంది, ల్యాబ్ జీవితం, డబ్బుల్లేని స్టూడెంట్ బతుకు, కాన్ఫరెన్స్ టెన్షన్, ఇవన్నీ లోపలుండి చూసినవాళ్లు రాసినట్టు తెలుస్తుంది, రచయిత్రి న్యూరోసైన్స్‌లో పనిచేసిన మనిషి మరి. కానీ నాకు ఆ నవలతో ఉన్న ఇబ్బంది, చాలా పేజీలు ఆలివ్ ఆడిన ఒక అబద్ధం మీదే నడుస్తాయి, ఆ అబద్ధాన్ని ఆమె ఎందుకు సరిచేయట్లేదో కొంతసేపయ్యాక నాకు సమాధానం దొరకలేదు. అసలైన బరువున్న అడ్డంకి, రీసెర్చ్ రంగంలో పలుకుబడి ఉన్నవాడు తప్పు చేస్తే జూనియర్ మాట ఎవరు నమ్ముతారు అన్నది, చివర్లో వస్తుంది, అది వచ్చాకే పుస్తకం లేచి నిలబడుతుంది.

'ద బాడీగార్డ్'లో హానా పనే మనుషుల్ని కాపాడటం. పేరున్న సినిమా నటుడు జాక్‌ని కాపాడాలి, కానీ వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదు, కొడుక్కి ప్రమాదం ఉందని ఆమెకి తెలియకూడదు, అందుకని టెక్సస్‌లో వాళ్ల పశువుల ఫామ్‌కి హానా గర్ల్‌ఫ్రెండ్‌లాగా వెళ్లాలి. ఇక్కడ అబద్ధం ఆడటానికి ఒక కారణం ఉంది, ఆ కారణం నవల అయ్యేవరకు నిలబడుతుంది. హానా సమస్య ఏంటంటే అతను చూపించే ప్రేమలో ఏది నటనో ఏది నిజమో ఆమెకి తెలీదు, అతను నటుడు కాబట్టి ఆ అనుమానం సహజం, మనకీ అదే అనుమానం. రెండూ చదివి ఒకటే చెప్పమంటే, కాలేజీ వాతావరణం, గట్టి కెమిస్ట్రీ కావాలంటే హేజల్‌వుడ్, కథ బిగింపుగా, కుటుంబం మధ్యలో, మెత్తగా కావాలంటే సెంటర్. నేనైతే రెండోదే ముందు చేతిలో పెడతా.

ఎనిమీస్ టు లవర్స్ కావాలనేవాళ్లే ఎక్కువ, నాకూ ఇష్టమే, కానీ అందులో చూసుకోవాల్సింది ఒకటుంది. ఇద్దరి మధ్య ఉన్నది పోటీయా, చిరాకా, అవమానమా? పోటీ అయితే సమానమైన ఇద్దరు, మాటకి మాట, చదవడానికి పండగ. అవమానం అయితే ఒకరు కిందా ఒకరు పైనా, పైనున్నవాడు ఏడిపించి ఏడిపించి చివర్లో "నిన్ను మొదట్నుంచీ ప్రేమిస్తున్నా" అంటే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దనే నా మనవి. శాలీ థార్న్ 'ద హేటింగ్ గేమ్' (2016) పోటీ రకంలో ఇప్పటికీ నేను మొదట చెప్పే పేరు. రెండు పబ్లిషింగ్ కంపెనీలు కలిసిపోయి ఒకటవుతాయి, లూసీ ఒక సీఈఓకి అసిస్టెంట్, జాషువా ఇంకో సీఈఓకి, ఇద్దరి బల్లలు ఎదురెదురుగా, రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. తదేకంగా చూస్తూ ఎవరు ముందు నవ్వుతారో అని ఒక ఆట, ఒకరు చేసింది ఇంకొకరు చేసి చూపించే ఆట ఒకటి. తర్వాత ఇద్దరికీ కావాల్సిన ప్రమోషన్ ఒక్కటే వస్తుంది. ఇప్పుడు అడ్డంకి చూడండి, ఎవరు గెలిచినా రెండోవాళ్లు వెళ్లిపోవాల్సిందే అన్నట్టు తయారవుతుంది, ప్రేమ పెరిగేకొద్దీ గెలవడం బాధ, ఓడటమూ బాధ. ఆ బిగింపు వల్లే చిన్న చిన్న సీన్లు కూడా పనిచేస్తాయి, ఆమెకి జ్వరమొచ్చిన రాత్రి అతను పక్కనుండి చూసుకోవడం లాంటివి.

దీని పక్కనే క్రిస్టినా లారెన్ 'ది అన్‌హనీమూనర్స్' (2019) పెట్టండి. క్రిస్టినా లారెన్ అంటే ఒకరు కాదు, ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి పెట్టుకున్న కలం పేరు. కవలల్లో ఒకమ్మాయి పెళ్లి, విందులో సీఫుడ్ పాడై పెళ్లికూతురు పెళ్లికొడుకుతో సహా అందరూ పడిపోతారు, మిగిలింది ఇద్దరే, సీఫుడ్ పడని ఆలివ్, బఫే తిండి ముట్టని ఈథన్, అతను పెళ్లికొడుకు తోడబుట్టినవాడు, ఇద్దరికీ అస్సలు పడదు. డబ్బులు తిరిగి రాని హనీమూన్ ట్రిప్ వృథా పోకూడదని వీళ్లిద్దరూ మావీ ద్వీపానికి వెళ్తారు. మొదటి సగం పగలబడి నవ్విస్తుంది. కానీ నేను దీన్ని గుర్తుపెట్టుకున్నది రెండో సగం కోసం, అక్కడ ఆలివ్ చెప్పిన ఒక విషయాన్ని ఈథన్ నమ్మాలి, నమ్మితే ఇంట్లో మనిషిని తప్పు అనుకోవాలి. ప్రేమించిన మనిషి మాట ముందా, చిన్నప్పట్నుంచీ ఎరిగిన రక్తసంబంధం ముందా, ఇది మాట్లాడుకుంటే తీరిపోయే గొడవ కాదు కదా. ఆఫీసు, మాటల యుద్ధం, ఒళ్లు వేడెక్కే టెన్షన్ కావాలంటే థార్న్, నవ్వులు, ప్రయాణం, కుటుంబం గొడవ కావాలంటే క్రిస్టినా లారెన్.

ఫ్రెండ్స్ టు లవర్స్ దీనికి పూర్తిగా ఎదురు. ఇక్కడ గొడవ ఉండదు, భయం ఉంటుంది, నోరు తెరిస్తే ఉన్న స్నేహం కూడా పోతుందేమో అని. ఆ భయాన్ని నమ్మించాలంటే ఆ స్నేహం ఎంత విలువైందో రచయిత ముందు చూపించాలి, ఊరికే "వాళ్లు పదేళ్లుగా బెస్ట్ ఫ్రెండ్స్" అని ఒక్క లైన్ రాసేస్తే సరిపోదు. ఎమిలీ హెన్రీ 'పీపుల్ వియ్ మీట్ ఆన్ వెకేషన్' (2021) నాకు నచ్చింది ఇందుకే, పాపీ, ఆలెక్స్ ప్రతి వేసవిలో కలిసి చేసిన ట్రిప్పులు ఒక్కో చాప్టర్‌గా వస్తుంటాయి, మధ్య మధ్యలో ఇప్పటి కథ, రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు, ఎందుకో మనకి చెప్పరు. పాత ట్రిప్పులు చదివేకొద్దీ వీళ్లు పోగొట్టుకున్నదేంటో మనకే తెలిసొస్తుంది. ఓపిక కావాలి, ముందుకీ వెనక్కీ వెళ్లే కథలు చిరాకైతే ఇది వద్దు.

సెకండ్ ఛాన్స్ గురించి ఎక్కువ చెప్పను, విడిపోవడానికి కారణం సరిగ్గా ఉంటే చాలు, కానీ చాలా పుస్తకాల్లో అదే ఉండదు. ఎమిలీ హెన్రీదే 'హ్యాపీ ప్లేస్' (2023)లో ఉంది. హారియట్, విన్ అప్పటికే విడిపోయారు, స్నేహితులకి చెప్పలేదు, అందరూ ఏటా కలిసే ఇంట్లో వారం రోజులు కలిసున్నట్టే నటించాలి. అవతలి మనిషి నేను లేకపోతేనే బాగుంటుందేమో అని ఇద్దరూ లోపల్లోపల అనుకోవడం, డాక్టరీ చదువు ఒక ఊళ్లో, తండ్రి పోయాక అతను ఆగిపోయిన ఊరు ఇంకోటి. కొందరు దీన్ని "మాట్లాడుకుంటే సరిపోయేది" అని కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను, వాళ్లకి మాట్లాడుకోవడం తెలీక కాదు, ఎదుటివాళ్ల జీవితానికి అడ్డం కాకూడదనే పట్టుదల వల్ల మాట్లాడరు. పెళ్లయి కొన్నేళ్లయిన వాళ్లకి ఈ నవల ఎక్కువ తగుల్తుందని నాకనిపిస్తుంది.

స్లో బర్న్, అంటే ప్రేమ నెమ్మదినెమ్మదిగా రాజుకునే కథ, ఓ ప్రత్యేకమైన జబ్బు, తగులుకుంటే వదలదు. మరియానా జపాటా 'ద వాల్ ఆఫ్ విన్నిపెగ్ అండ్ మీ' (2016) తీసుకోండి, ఫుట్‌బాల్ ఆటగాడి దగ్గర అసిస్టెంట్‌గా చేసిన వెనెసా ఉద్యోగం మానేస్తుంది, కెనడావాడైన ఆ ఆటగాడు గ్రీన్ కార్డ్ కోసం నన్ను పెళ్లి చేసుకో అని ఆమె గుమ్మం ముందుకొస్తాడు. ఆ తర్వాత వందల పేజీలు దాదాపు ఏమీ జరగదు, అతను ఒక పూట కాస్త ఎక్కువ మాట్లాడతాడు, ఆమె కోసం ఒక చిన్న పని చేస్తాడు, అంతే, అదే మనకి పెద్ద సంఘటన అయిపోతుంది. యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివి పెరిగినవాళ్లకి ఈ రుచి వివరించక్కర్లేదు, ఆత్మాభిమానం ఉన్న హీరోయిన్, నోరు విప్పని హీరో, ఒక్క చూపు కోసం చాప్టర్లు చాప్టర్లు ఎదురుచూపు. వేగంగా చదివి ముగించేయాలనుకునే వాళ్లు మాత్రం జపాటా జోలికి పోవద్దు, సగంలో వదిలేసి బాలేదు అనడం ఆ పుస్తకానికి అన్యాయం.

ఇక అట్టల సంగతి. ఇప్పుడు రొమాన్స్ నవలల అట్టల మీద ముద్దుగా బొమ్మలు వేస్తున్నారు, పింక్, పసుపు, లేత నీలం, ఇద్దరు బొమ్మ మనుషులు ఎదురెదురుగా. చూస్తే టీనేజీ పిల్లల పుస్తకంలా ఉంటుంది, లోపల పడకగది సీన్లు వివరంగా, పేజీలకి పేజీలు ఉండొచ్చు. హెలెన్ హోంగ్ 'ద కిస్ కోషెంట్' (2018) అలాంటిదే, అట్ట ముద్దుగా, లోపల మాత్రం పూర్తిగా పెద్దవాళ్ల పుస్తకం. స్టెల్లా లెక్కల్లో దిట్ట, ఆటిజం ఉన్న అమ్మాయి, మనుషులకి దగ్గరవ్వడం ఎలాగో నేర్చుకోవాలని డబ్బులిచ్చి మైకేల్ అనే ఎస్కార్ట్‌ని పెట్టుకుంటుంది. కథే అది కాబట్టి ఆ సీన్లు కథలో భాగం, తీసేస్తే ఏమీ మిగల్దు. రచయిత్రికి కూడా ఆటిజం ఉందని పెద్దయ్యాకే తెలిసింది, స్టెల్లాకి ఏ బట్ట ఒంటికి గుచ్చుకుంటుందో, ఏ వాసన భరించలేదో రాసిన తీరులో అది కనపడుతుంది, మైకేల్ బట్టల కుట్టు తెలిసినవాడు కాబట్టి కుట్లు లోపల గుచ్చుకోకుండా ఉండే బట్టల గురించి ఇద్దరూ మాట్లాడుకునేది నాకు ఏ ముద్దు సీన్ కన్నా ఎక్కువ గుర్తుంది.

కాబట్టి ఘాటు ఎంత కావాలో ముందే తేల్చుకోండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అలాంటివి వద్దనుకోవడంలో వెనకబాటుతనమూ లేదు. తలుపు మూసేసే నవలలు, అంటే ముద్దు దాకా వచ్చి ఆపేసేవి, కావాలంటే పైన చెప్పిన 'ద బాడీగార్డ్' సరిపోతుంది, ఉజ్మా జలాలుద్దీన్ 'ఆయేషా ఎట్ లాస్ట్' (2018) ఇంకా బాగా సరిపోతుంది. టొరంటోలో ఉండే ముస్లిం కుటుంబాలు, కవిత్వం రాసే టీచరమ్మ ఆయేషా, పద్ధతులు గట్టిగా పట్టుకున్న ఖాలిద్, జేన్ ఆస్టిన్ 1813లో వేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' దారిలోనే నడిచే కథ. పడకగది దాకా వెళ్లకుండానే ఇంత ప్రేమ రాయొచ్చా అనిపిస్తుంది. ఘాటు వద్దంటే చప్పగా ఉంటుంది అనేవాళ్లకి ఇదే నా జవాబు.

సరదా నవలా, బరువైన నవలా అన్నది కూడా పేరు చూసి పోల్చుకోలేం. ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' (2020) అని పేరు పెట్టారు, ఎండలో పడుకుని చదివే పుస్తకం అనుకుంటాం, లోపల చూస్తే తండ్రి పోయాక ఆయనకి ఇంకో సంబంధం ఉందని తెలిసి ప్రేమ మీదే నమ్మకం పోయిన రొమాన్స్ రచయిత్రి, పక్కింట్లో సీరియస్ నవలలు రాసే పాత క్లాస్‌మేట్, నువ్వు నా రకం రాయి నేను నీ రకం రాస్తా అని పందెం. నవ్విస్తుంది, కానీ దుఃఖం అడుగునుంచి పారుతూనే ఉంటుంది. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు మొదటి చాప్టర్లు చూసుకుని వెళ్లండి, కొందరికి అది ఓదార్పు, కొందరికి గాయం మీద చెయ్యి.

కథ ఒకరి వైపు నుంచా, ఇద్దరి వైపు నుంచా అన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ చదివే అనుభవమే మారిపోతుంది. 'ద హేటింగ్ గేమ్' మొత్తం లూసీ చెప్పేదే, జాషువా మనసులో ఏముందో మనకీ తెలీదు, అందుకే రెండోసారి చదివినప్పుడు అతని ప్రతి పనికీ ఇంకో అర్థం కనపడుతుంది, ఆ ఆనందం వేరు. 'ద కిస్ కోషెంట్' ఇద్దరివైపు నుంచీ వస్తుంది, అక్కడ ఊహించడం తక్కువ, ఇద్దరూ ఒకర్నొకరు తప్పుగా అర్థం చేసుకుంటుంటే మనం నిస్సహాయంగా చూస్తుంటాం. మిస్టరీ ఇష్టమైతే ఒకరి గొంతు, మనసు విప్పి చూడటం ఇష్టమైతే ఇద్దరి గొంతు. నాకు ఒకరి గొంతే ఇష్టం, బాగా రాసేవాళ్ల చేతిలో.

చివర్లో వచ్చే బ్రేకప్ గురించి రొమాన్స్ చదివేవాళ్లంతా తిట్టుకుంటారు. అంతా బాగుంది, ఇంకో యాభై పేజీలున్నాయి, ఇప్పుడు ఏదో పిడుగు పడుతుందని చెప్పకుండానే తెలిసిపోతుంది. నేను బ్రేకప్ ఉండకూడదు అనను. అది మొదట్నుంచీ ఉన్న అడ్డంకిలోంచే రావాలి అంటాను. టాలియా హిబ్బర్ట్ 'గెట్ ఎ లైఫ్, క్లోయీ బ్రౌన్' (2019)లో క్లోయీకి ఫైబ్రోమయాల్జియా, ఒళ్లంతా ఎప్పుడూ నొప్పులు, ఆ నొప్పి వల్ల వదిలేసి వెళ్లిపోయిన మనుషుల్ని చూసింది. రెడ్ తనని బాధపెట్టిన పాత ప్రేమలోంచి బయటపడ్డవాడు. వీళ్లిద్దరూ గొడవపడితే ఆ గాయాల్లోంచే పడతారు, అందుకే ఆ గొడవ తెచ్చిపెట్టినట్టు ఉండదు. నొప్పి ఎక్కువైన రోజు ఆమె పడుకుని ఉంటే అతను జాలి చూపించకుండా ఏం కావాలో అడిగి చేసే తీరు చదవండి, ప్రేమంటే చేతల్లో ఇలా ఉంటుంది అనిపిస్తుంది. ఘాటు మాత్రం బాగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

పెద్ద నవల చదివే టైం లేదంటే మిల్స్ అండ్ బూన్, హార్లెక్విన్ వాళ్ల చిన్న నవలలున్నాయి. వాటిని చులకనగా చూడటం నాకు నచ్చదు. మిల్స్ అండ్ బూన్ 1908లో లండన్‌లో మొదలైంది, హార్లెక్విన్ 1949లో కెనడాలో, 1971లో రెండూ ఒకటయ్యాయి. వాటి గొప్పతనం ఏంటంటే, ఏ లైన్‌లో, అంటే ఏ సిరీస్‌లో, ఎలాంటి కథ, ఎంత ఘాటు, ఎంత పొడుగు అన్నది ముందే తెలుస్తుంది, డాక్టర్ల కథలకి ఒక లైన్, చారిత్రక కథలకి ఒక లైన్. చాలావరకు యాభై వేల పదాల దగ్గర్లో అయిపోతాయి. పాత వాటిలో హీరో పెత్తనం, బలవంతం ఇప్పుడు చదివితే ఇబ్బంది పెడతాయి, అందుకని కొత్తగా మొదలెట్టేవాళ్లు ఈ పదేళ్లలో వచ్చినవే తీసుకోండి.

ఇవేవీ తెలియని కొత్త పుస్తకం చేతిలో ఉంటే ఏం చేయాలి? రివ్యూల స్టార్లు చూడకండి, శాంపిల్ తెరిచి ఆ ఇద్దరి మధ్య మొదటి సంభాషణ ఎక్కడుందో వెతికి అది చదవండి. "నువ్వెంత పొగరుబోతువో తెలుసా" "నీకంటే తక్కువే", ఇలా సాగుతుంటే ఆ మాటలు ఏ ఇద్దరి మధ్యైనా పెట్టొచ్చు, వాళ్ల గురించి మనకి ఏమీ తెలీలేదు. అదే, అతను "మీరు నిన్న కూడా ఆఖరి బస్సే ఎక్కారు" అంటే ఆమె "మీరు చూసింది నన్నా, బస్సునా" అందనుకోండి, అతను గమనిస్తున్నాడు, ఒప్పుకోడు, ఆమెకి తెలుసు, వదిలిపెట్టదు, రెండు లైన్లలో ఇద్దరు మనుషులు వచ్చేశారు. ఒకరన్న మాటని రెండోవాళ్లు నిజంగా విని జవాబు చెప్తున్నారా అన్నదే చూడండి. విననివాళ్ల మధ్య ప్రేమ పుట్టిందంటే నమ్మలేం. ఆ తర్వాత వన్ స్టార్ రివ్యూలు ఒకట్రెండు చూడండి, ఫైవ్ స్టార్ల కన్నా అవే ఎక్కువ పనికొస్తాయి, "చాలా నెమ్మది, ముద్దు పెట్టుకోడానికే మూడొందల పేజీలు" అని ఒకరు తిట్టారంటే స్లో బర్న్ ఇష్టమున్న మీకు అదే సిఫార్సు.

ఆడియోలో వినేవాళ్లు గొంతు శాంపిల్ తప్పకుండా వినండి, రొమాన్స్‌లో హీరో మాటలు చదివే గొంతు నచ్చకపోతే పుస్తకమంతా పోయినట్టే.

ఎవరైనా నన్ను ఒక్క పేరు చెప్పమని పట్టుబడితే, రొమాన్స్ ఎప్పుడూ చదవని వాళ్లకి 'ది అన్‌హనీమూనర్స్' చెప్తా, నవ్వుతూ మొదలై ఎక్కడో ఒకచోట పట్టేసుకుంటుంది. రొమాన్స్ అంటే తేలిక సరుకు అని వాదించే వాళ్లకి 'బీచ్ రీడ్', అదే వాదన లోపల ఇద్దరు రచయితలే చేసుకుంటారు కాబట్టి. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి పంచుకుని చదవాలంటే 'ఆయేషా ఎట్ లాస్ట్'. ఒంట్లో బాగోక ఇంట్లో పడి ఉన్నవాళ్లకి 'క్లోయీ బ్రౌన్', ఒంటి నొప్పిని కథలోంచి మాయం చేయని నవలలు అరుదు. ఆ పుస్తకం నచ్చితే ఇంకో మంచి మాట, క్లోయీకి ఇద్దరు చెల్లెళ్లున్నారు, డానీ కథ 2020లో, ఈవ్ కథ 2021లో వచ్చాయి, దేనికదే పూర్తి కథ కాబట్టి వరస తప్పినా ఇబ్బంది లేదు, కానీ వరసలో చదివితే ఈవ్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇల్లంతా మనకి తెలిసిన మనుషులే ఉంటారు, మూడిట్లో నాకు ఎక్కువ నచ్చింది కూడా ఆ మూడోదే.